మొండి బాకీల వసూలు: పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా రోజూ వినే అపోహలు

వ్యాపారులకు రావాల్సిన బాకీలు వసూలు చేసి పెట్టడం మా పని. కొన్న పార్టీలు ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉంటే, సరుకు పంపినవాళ్లు చాలావరకు ఆంధ్రలోని పలాస, పార్వతీపురం, విశాఖ వైపు ఉంటారు. "వసూళ్ల వాళ్లం" అనగానే ఎదుటి షావుకారుకి మేం రౌడీల్లా కనపడతాం, మా క్లయింటుకేమో మేం రౌడీల్లా లేమని బాధ. ఈ రెండు బాధల మధ్య రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాలుగు గట్టి మాటలు అంటే గానీ డబ్బు రాలదు

అందరికంటే ముందు అడిగేది ఇదే. "షాపు ముందు నిలబడి అరిస్తే సిగ్గుపడి ఇచ్చేస్తాడు కదండీ" అంటారు. అరిస్తే ఏమవుతుందంటే, అప్పటిదాకా మీకు డబ్బు ఇవ్వాల్సిన మనిషి కాస్తా మీ మీద ఫిర్యాదు చేసే మనిషి అవుతాడు. బెదిరిస్తే భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 351, భయపెట్టి డబ్బు లాగితే 308, దారికి అడ్డం నిలబడితే 126, పొమ్మన్నా పోకుండా లోపలే కూర్చుంటే 329, వర్తక సంఘం వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి దొంగ అని రాస్తే పరువు నష్టం కింద 356. అసలు బాకీ నిజమే అయినా ఇవన్నీ వర్తిస్తాయి. పైగా ఏజెన్సీని పంపింది మీరే కాబట్టి ఆ ఫిర్యాదులో మీ పేరు కూడా ఉంటుంది.

దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. వ్యాపారుల మధ్య నిలిచిపోయిన డబ్బులో చాలా భాగం ఎగ్గొట్టాలని నిలిపింది కాదు, ఎక్కడో ఒక పేచీ తేలక ఆగింది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు డబ్బు అడగం. లెడ్జర్ కాపీ టేబుల్ మీద పెట్టి, "షావుకారు గారూ, ఇందులో మీకు తేడా ఉన్న బిల్లులు ఏవో చెప్పండి, మిగతావి ముందు తేల్చుకుందాం" అంటాం. అప్పుడు బయటికొస్తుంది. "తేడా ఏటండీ, దసరా స్కీం డిస్కౌంట్ అన్నారు, క్రెడిట్ నోట్ ఇప్పటికీ రాలేదు." (బాకీలో ఇంత తగ్గించాం అని అమ్మినవాడు రాసిచ్చే కాగితమే క్రెడిట్ నోట్.) లేదా లారీలో తడిసిన బస్తాలు. లేదా మీ సేల్స్‌మన్ నగదు పట్టుకెళ్లి రసీదు ఇవ్వలేదు. (ఈ చివరిది విన్నప్పుడు క్లయింటుకి ఫోన్ చేయడానికి కాస్త ధైర్యం కావాలి.) చిన్న క్రెడిట్ నోట్ కోసం మొత్తం బాకీ ఆపేసే పార్టీలు ఎన్నో. ఆ నోట్ ఇప్పించండి, పేచీ లేని బిల్లులకు డబ్బు కదులుతుంది. అరిచినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అరిచినవాడికి ఎవరూ కారణం చెప్పరు.

ఇక టైము. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులో చెప్పింది. వ్యాపారుల మధ్య సరుకు బాకీలకు ఆ సర్క్యులర్ నేరుగా వర్తించదు, అయినా మేం దాన్నే పాటిస్తాం. ఇంటికి వెళ్లం, ఇంట్లో ఆడవాళ్లతో బాకీ మాట ఎత్తం, పక్క షాపువాడికి ఎందుకొచ్చామో చెప్పం. బరంపురంలో ఠాకురాణి యాత్ర జరుగుతుంటేనో, రథయాత్ర రోజునో వెళ్లి అడిగితే డబ్బు రాదు సరికదా, తర్వాత నెల కూడా రాదు. ఎరువుల డీలరుని జూలైలో గట్టిగా అడగడం దండగ, అప్పుడే కదా వాడు స్టాకు ఎత్తేది. ఖరీఫ్ వడ్లు మండీకి పోయి రైతుకి డబ్బు పడ్డాకే డీలరు చేతిలో డబ్బు ఆడుతుంది. ఒడియా షాపుల్లో "కాలి దేబి" (రేపు ఇస్తాను), తెలుగు షాపుల్లో "రేపు చూద్దాం". రెండింటికీ మందు ఒకటే, తేదీ అడిగి అక్కడే రాసుకోవడం.

అపోహ: పోలీసులకు చెబితే తెచ్చి ఇస్తారు

తేరు. అప్పు తీర్చకపోవడం ఒక్కటే నేరం కాదు, సివిల్ వ్యవహారం. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే సరుకు తీసుకున్నాడని చూపించగలిగితే అది వేరే సంగతి. మూడేళ్లు సక్రమంగా ఇచ్చి నాలుగో ఏడు ఆపిన పార్టీ మీద అది నిలబడటం కష్టం.

అపోహ: వకీలు నోటీసు ఇచ్చేశాం, ఇక కాలదోషం భయం లేదు

ఇది నమ్మి పోగొట్టుకున్నవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది. సరుకు బాకీకి దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చేది 3 ఏళ్లు, అది దాటితే కాలదోషం పట్టినట్టే. అరువు గడువు ఏదీ పెట్టుకోకపోతే సరుకు అప్పగించిన రోజు నుంచి, 60 రోజులు అని పెట్టుకుంటే ఆ 60 రోజులు పూర్తయినప్పటి నుంచి లెక్క. మీరు ఎన్ని నోటీసులు పంపినా, ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ గడియారం ఆగదు. మీరు చేసే పనితో ఆగదు, అవతలివాడు చేసే పనితో మళ్లీ మొదలవుతుంది: 3 ఏళ్లు నిండకముందే అతను బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి కొత్తగా 3 ఏళ్లు. గడువులోపు కొంత డబ్బు చెక్కు మీద ఇచ్చినా అంతే, చెక్కు మీద సంతకం ఉంటుంది కదా. నగదు ఇచ్చి కాగితం లేకపోతే మీ మాటకి అతని మాట పోటీ.

అందుకే నేను క్లయింట్లందరికీ ఒకటే చెబుతాను. ప్రతి ఏడాది మార్చి 31 లెక్కకి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ (ఇంత బాకీ ఉన్నానని పార్టీ ఒప్పుకునే కాగితం) పంపించి, స్టాంపు వేయించి, సంతకం పెట్టించుకుని తెచ్చుకోండి. గొడవ లేనప్పుడు అడిగితే ఎవరైనా పెడతారు. గొడవ మొదలయ్యాక అడిగితే పెన్ను దొరకదు. వాట్సాప్‌లో వచ్చిన "సరే అండీ" ఉంది కదా అని నిమ్మళంగా కూర్చోకండి, అది ఏ మాటకి సరే అన్నాడో కోర్టులో మీరే తేల్చాలి.

ఫైలు మా దగ్గరకి వచ్చేసరికి ఒక్కోసారి రెండేళ్ల పదకొండు నెలలు అయి ఉంటుంది. అప్పుడు మర్యాదా మాటలూ అంటూ కూర్చోం, నేరుగా వకీలు దగ్గరకి పంపేస్తాం. 3 లక్షలు, ఆ పైన ఉన్న కమర్షియల్ దావాకి, కోర్టు నుంచి అర్జెంటు ఉత్తర్వు అక్కర్లేకపోతే, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. ఆ మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని మాత్రం లిమిటేషన్‌లో లెక్కపెట్టరు.

అపోహ: పార్టీ బోర్డర్ అవతల ఉంది, కేసంటే ఒడిశా చుట్టూ తిరగాల్సిందే

సగం నిజం. ముందు ఆ పార్టీ ఎవరో సరిగ్గా తెలుసుకోండి. పర్లాకిమిడిలో షాపు, పాతపట్నంలో గోడౌన్ ఉన్న కుటుంబాలు ఇక్కడ మామూలే. జీఎస్టీ నంబరు చూడండి. 21తో మొదలైతే ఒడిశా రిజిస్ట్రేషన్, 37 అయితే ఆంధ్ర. తర్వాతి పది అక్షరాలు పాన్. రెండు నంబర్లలో పాన్ ఒకటే అయితే మనిషి ఒకడే. పాన్ వేరైతే బోర్డు మీద పేరు ఒకటే ఉన్నా బాకీదారు వేరే, బహుశా తమ్ముడో భార్యో. బిల్లు ఒకరి పేరున, నోటీసు ఇంకొకరి పేరున వెళ్లిన ఫైళ్లు మా దగ్గరకి వస్తూనే ఉంటాయి. ఆ నంబరుని జీఎస్టీ పోర్టల్లో కొడితే రిజిస్ట్రేషన్ బతికుందా, రిటర్నులు వేస్తున్నాడా అన్నది కూడా కనపడుతుంది, అందరికీ ఉచితమే.

చెక్కు బౌన్స్ అయితే మీకే సుఖం. 2015 సవరణ తర్వాత, మీరు చెక్కు వేసిన మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ పరిధి కోర్టులోనే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్కు బౌన్స్ కేసు. పలాసలో ఖాతా ఉంటే పలాసలోనే, పార్టీ రాయగడలో ఉన్నా సరే. కానీ తేదీలు కఠినంగా ఉంటాయి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు, అది అందాక డబ్బు కట్టడానికి పార్టీకి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. నోటీసు గడువు దాటితే, చెక్కుకి ఉన్న 3 నెలల్లోపు దాన్ని మళ్లీ బ్యాంకులో వేయగలిగితే తప్ప ఆ దారి మూసుకున్నట్టే.

సివిల్ దావా సంగతి వేరు. వ్యవహారంలో కొంత భాగం మీ ఊళ్లో జరిగి ఉంటే మీ ఊళ్లోనే వేయొచ్చు. అయితే డిక్రీ (డబ్బు కట్టమని కోర్టు ఇచ్చే తీర్పు) తెచ్చుకోవడం ఒక ఎత్తు, అమలు చేయించుకోవడం ఒక ఎత్తు. ఆస్తి అంతా గుణుపురంలో ఉంటే చివరికి ఆ డిక్రీని అక్కడి కోర్టుకే బదిలీ చేయించుకోవాలి. నన్నడిగితే, ఆస్తులన్నీ అటువైపే ఉన్నప్పుడు మొదటే అక్కడ వేయడం నయం. ఈ మాట మీద వకీళ్లు నాతో వాదిస్తారు, వాదించనీయండి.

అపోహ: ఉద్యం సర్టిఫికెట్ ఉంది, 45 రోజులు దాటితే వడ్డీతో సహా వస్తుంది

ఉద్యం అంటే చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్. తయారీదారుకి, సర్వీసు ఇచ్చేవాళ్లకి ఇది బలమైన ఆయుధమే. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ సూక్ష్మ, చిన్న సంస్థ అయి ఉంటే 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం కింద ఆన్‌లైన్లో ఫిర్యాదు వేసుకోవచ్చు. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా ఇలాంటి బాకీలు తేల్చడానికి అమ్మినవాడి రాష్ట్రంలో ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిలే వింటుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటేనే 45 రోజుల దాకా గడువు, లేకపోతే 15 రోజులే. ఆలస్యానికి ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. తీర్పు మీద కోర్టుకెళ్లాలంటే కొన్నవాడు ముందు 75 శాతం కట్టాలి.

కానీ మీరు కొని అమ్మే హోల్‌సేలరు అయితే? 2021 జూలైలో వర్తకులకి ఉద్యం రిజిస్ట్రేషన్ ఇచ్చారు, ప్రయోజనం మాత్రం బ్యాంకుల ప్రాధాన్య రంగ అప్పుల వరకే అని ఆ ఉత్తర్వులోనే ఉంది. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకుని గోడకి పెట్టుకున్నంత మాత్రాన ఈ 45 రోజుల రక్షణ రాదు.

వర్తకులకి పనికొచ్చే మాట ఒకటి జీఎస్టీలో ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, కొన్నవాడు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీది పన్నుని తన పన్నులో తగ్గించుకున్న మొత్తం) వడ్డీతో వెనక్కి కట్టాలి, మీకు డబ్బు ఇచ్చాక మళ్లీ తీసుకోవచ్చు. పార్టీ ఆడిటరుకి ఈ సంగతి మర్యాదగా గుర్తుచేస్తే చాలు. "కంప్లైంట్ పెడతాం" అని బెదిరించొద్దు, లెక్క చూపించండి.

అపోహ: ఖాళీ చెక్కు దగ్గరుంది, ఎంతైనా రాసుకోవచ్చు

సంతకం పెట్టిన ఖాళీ చెక్కు చెల్లుతుంది, కానీ రాసే అంకె పుస్తకంలో ఉన్న బాకీ కంటే పైసా ఎక్కువ ఉండకూడదు. ఎక్కువ రాస్తే మొత్తం కేసే కుంటుపడుతుంది.

అపోహ: ఏజెన్సీకి ఇస్తే డబ్బు మధ్యలో పోతుంది, పార్టీ కూడా పోతుంది

మధ్యలో పోయే వీలే లేకుండా చేసుకోవడం మీ చేతిలో ఉంది. ఫలానా బిల్లులు, ఫలానా మొత్తం అని లెటర్‌హెడ్ మీద అథారిటీ లెటర్ ఇవ్వండి, దాని కాపీ పార్టీకి కూడా చూపిస్తాం. డబ్బు నేరుగా మీ ఖాతాలోకే రావాలి. ఏజెంటు నగదు తీసుకుంటానన్నా, తన పేరున చెక్కు అడిగినా, కోర్టు కాగితంలా కనపడే నోటీసు తనే అచ్చు వేసి పంపినా అక్కడితో ఆపేయండి. మా ఫీజు వసూలైన దాని మీద శాతం, అదీ మీ ఖాతాలో పడ్డాకే. పాత బాకీకి శాతం ఎక్కువ, కొత్త బాకీకి తక్కువ, పేచీ ఉన్న బిల్లుకి వేరుగా మాట్లాడుకుంటాం.

పార్టీ పోతుందా అంటే, వాయిదాలు కట్టి తేల్చుకున్నవాళ్లు చాలాసార్లు మళ్లీ అదే క్లయింటు దగ్గర కొంటారు, ఈసారి నగదు మీద. అరువు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీ ఇష్టం, నన్నడిగితే ఒక సీజన్ ఆగండి.