చలి ఉదయాల్లో కారు ఎందుకు అదురుతుంది?

చలికాలం మొదలై కారు కొత్తగా అదరడం మొదలుపెట్టిందంటే చాలామంది నేరుగా వీల్ బ్యాలెన్సింగ్‌కి వెళ్తారు. దాంతో తగ్గకపోతే అలైన్‌మెంట్, ఆ తర్వాత సస్పెన్షన్ పార్టులు, ఇలా బిల్లు పెరుగుతూనే ఉంటుంది. అసలు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ అదురు ఇంజన్ వేగాన్ని బట్టి మారుతోందా, చక్రం వేగాన్ని బట్టి మారుతోందా?

బండి ఆగి ఉన్నప్పుడే అదురుతుంటే టైర్ల జోలికి పోనక్కర్లేదు. నడుస్తున్నప్పుడే వస్తుంటే, స్పీడు మార్చకుండా ఒక గేరు తగ్గించి చూడండి. చక్రాలు ముందులాగే తిరుగుతుంటాయి, ఇంజన్ ఆర్పీఎం మాత్రం పెరుగుతుంది. అయినా అదురులో తేడా లేదంటే దోషం చక్రాల వైపు ఉన్నట్టే. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే ఫోన్‌లోని యాక్సిలరోమీటర్‌తో (కదలికను పసిగట్టే సెన్సర్) కంపనాల ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్నిసార్లు అదురుతోందో, చూపించే యాప్‌లున్నాయి (నడిపేవాళ్లు కాదు, పక్క సీట్లో వాళ్లు చూడాలి). మామూలు కారు టైరు చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు కాబట్టి గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. ఆ వేగంలో యాప్ 14 హెర్ట్జ్ (సెకనుకు 14 సార్లు) దగ్గర పెద్ద గీత చూపిస్తే అది చక్రం పనే.

చక్రాల వైపు అయితే, చలిలో నేను మొదట అనుమానించేది టైరు చదునెక్కడాన్ని. ఫ్లాట్ స్పాట్ అంటారు. చాలా టైర్లలో ట్రెడ్ (రోడ్డుకి తగిలే రబ్బరు) కింద నైలాన్ పొర ఉంటుంది. వేడెక్కితే ఆ నైలాన్ కాస్త మెత్తబడుతుంది, చల్లబడితే బిగుసుకుంటుంది. బాగా తిరిగి వేడెక్కిన బండిని పార్క్ చేస్తే, నేలకు ఆనిన భాగం కారు బరువుకి చదునై, చల్లారుతూ అదే ఆకారంలో ఉండిపోతుంది. పొద్దున బయల్దేరాక ప్రతి చుట్టుకీ ఆ చదును రోడ్డుకి కొడుతుంది. కొన్ని కిలోమీటర్లు నడిచాక టైరు వేడెక్కి మళ్లీ గుండ్రమవుతుంది. అందుకే మెకానిక్ దగ్గరకు వెళ్లేసరికి అదురు మాయమై, మనం చెప్పేది ఆయన నమ్మడు! పైగా బ్యాలెన్సింగ్ మెషిన్ చూసేది బరువు ఎటు ఎక్కువుందనే గానీ, కారు బరువు కింద టైరు ఆకారం ఎలా ఉందని కాదు.

గాలి తక్కువుంటే చదును ఇంకా పెద్దదవుతుంది, చలిలో గాలి ఎలాగూ తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ పట్టించిన టైరు, లీకేమీ లేకపోయినా, సున్నా డిగ్రీల దగ్గర సుమారు 28 చూపిస్తుంది. కాబట్టి బండి చాలాసేపు ఆగి ఉన్నాక, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవండి.

మంచు కురిసే చోట రిమ్ము లోపల గడ్డకట్టిన మంచూ బురదా చూడాలి. ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో 100 గ్రాముల గడ్డ అతుక్కుందనుకోండి, 100 కిలోమీటర్ల వేగంలో అది చక్రాన్ని దాదాపు 16 కిలోల బలంతో లాగుతుంది. అదీ సెకనుకు 14 సార్లు దిశ మారుస్తూ. కడిగేస్తే పోయే సమస్య ఇది.

ఇంజన్ వైపు అయితే కథ వేరు. చలిలో పెట్రోల్ సరిగ్గా ఆవిరవ్వదు, అందుకని స్టార్టింగ్‌లో కంప్యూటర్ ఇంధనం ఎక్కువ ఇచ్చి ఆర్పీఎం పెంచుతుంది. స్పార్క్ ప్లగ్‌లు అరిగిపోయి ఉంటే అప్పుడే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోక మిస్ కొడుతుంది (మిస్‌ఫైర్). ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగుల్లో రబ్బరు కూడా చలికి గట్టిపడి ఆ కుదుపుని ఆపకుండా సీటు దాకా పంపుతుంది. కొత్త మౌంటింగులైనా కొంచెం అంతే, కాబట్టి ఇంజన్ వేడెక్కగానే పోయే చిన్న అదురుకి వాటిని మార్చేయకండి. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు, మిస్‌ఫైర్ వల్ల కాలని పెట్రోల్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

ఇంకొకటుంది, దీన్ని చలి మీదకు నెట్టేయడం చాలా సులువు. చలికాలం టైర్లు వేయించిన వెంటనే అదురు మొదలైతే అది వాతావరణం కాకపోవచ్చు. హబ్బుకీ (చక్రాన్ని బిగించే ఇరుసు భాగం) రిమ్ముకీ మధ్య తుప్పు చేరి చక్రం సరిగ్గా కూర్చోకపోయినా, నట్లు వదులైనా ఇలాగే ఉంటుంది. నట్లు వదులైతే బండి వేడెక్కినా అదురు తగ్గదు, రోజురోజుకీ పెరుగుతుంది. అలా అనిపిస్తే బండి పక్కకి ఆపి ముందు నట్లు చూడండి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించే దాకా మళ్లీ రోడ్డెక్కొద్దు.