డబ్బా పక్కన పెట్టండి, మక్కగట్క వండుకుందాం

పిల్లలూ,

బడికి పోయే తొందరలో పొద్దుగాల గిన్నెలో ఇన్ని చాక్లెట్ ఫ్లేక్స్ పోసుకొని, పాలు కలుపుకొని, అదే టిఫిన్ అని పరుగెత్తుతున్నారట, మీ అమ్మలు చెప్పారు. తిట్టడానికి రాయడం లేదు. ఆ డబ్బాలో ఏముందో, దాని బదులు ఇంట్లో ఏం చేసుకోవచ్చో మీకు తెలియాలని రాస్తున్నాను.

కార్న్‌ఫ్లేక్స్ అంటే వేరే ఏదో కాదు, మక్కలే, అంటే మొక్కజొన్నలే. మన వరంగల్, కరీంనగర్ చేన్లలో పండే మక్కల్లాంటివే. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బ్యాటిల్ క్రీక్‌లో కెల్లాగ్ అన్నదమ్ములు తమ ఆరోగ్యాశ్రమంలో ఉండే రోగుల కోసం 1890లలో ఈ ఫ్లేక్స్ తయారు చేశారు. చక్కెర కలుపుదామని తమ్ముడు, వద్దని అన్న గొడవపడ్డారు. చివరికి తమ్ముడు 1906లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ఫ్యాక్టరీలో ముందుగా మక్కగింజ పైపొట్టు తీస్తారు, లోపలి మొలక తీస్తారు. మొలకలో నూనె ఉంటుంది కాబట్టి అది ఉంటే సరుకు ఎక్కువ రోజులు నిలవదు, ముక్కవాసన వస్తుంది. పీచు, విటమిన్లు చాలావరకు ఆ పొట్టుతో, ఆ మొలకతోనే పోతాయి. మిగిలిన దాన్ని చక్కెర, ఉప్పు, మాల్ట్ (మొలకెత్తిన బార్లీ సారం) వేసి ఉడికించి, రోలర్ల కింద నొక్కి, వేయించి, పైనుంచి కొన్ని విటమిన్లు, ఐరన్ కలుపుతారు. గింజలో ఉన్నది తీసేసి మళ్లీ బయటినుంచి కలపడం ఎందుకు బిడ్డా?

డబ్బా ముందువైపు తేనె, బాదం బొమ్మలుంటాయి, వాటిని చూడకండి. వెనక్కి తిప్పండి. ఏది ఎక్కువ బరువు కలిపారో అది ముందు రాయాలని మన దేశంలో నియమం ఉంది, కాబట్టి చక్కెర రెండో పేరుగా కనబడితే అర్థం చేసుకోవాలి. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ అన్నా తీపే. 100 గ్రాములకు 30 గ్రాముల చక్కెర అని ఉందనుకోండి, మీరు గిన్నె నిండా 60 గ్రాములు పోసుకుంటే 18 గ్రాములు, అంటే నాలుగు చెంచాల పైనే. చాయ్‌లో అన్ని చెంచాలు వేసుకుంటే అమ్మ ఊరుకుంటుందా?

ఇక మన మక్కగట్క సంగతి. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు మక్కరవ్వ కడిగి నానబెట్టండి, అంతే, సగం పని అయిపోయినట్టే. పొద్దున నాలుగు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, ఉప్పేసి, రవ్వ పోసి, సన్నమంట మీద మెత్తబడేదాకా తెడ్డుతో కలుపుతూ ఉండాలి. చిక్కబడ్డాక బుడగలు టప్పుమని పగిలి చేతిమీద పడతాయి, కాలుతుంది, అందుకే పొడుగు తెడ్డు తీసుకోండి, చిన్నపిల్లలు దూరంగా ఉండండి. గోరువెచ్చగా అయ్యాక చల్ల పోసుకొని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ, మామిడికాయ తొక్కు నంజుకొని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి మాట రాదు. జొన్నరవ్వతోనూ ఇలాగే చేసుకోవచ్చు. తైదల, అంటే రాగుల అంబలి ఇంకా సులువు, పిండిని నీళ్లలో ఉండల్లేకుండా కలిపి కాచడమే. 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ఎదిగే ఎముకలకు అది కావాలి.

"మాకు పాలల్లో కరకరలాడేదే కావాలి" అంటారా, దానికీ దారి ఉంది. పల్చటి అటుకులను నూనె లేకుండా మూకుట్లో సన్నమంట మీద వేయించండి, వేలితో నలిపితే పొడి కావాలి, అదే గుర్తు. వేయించిన పల్లీలు, నువ్వులు కలిపి, చల్లారాక గాలి చొరబడని డబ్బాలో పెడితే వారమంతా వస్తుంది. తినేటప్పుడు పాలు పోసి అరటిపండు కోసి వేసుకోండి, తీపి దానికదే వస్తుంది. తొలి ఏకాదశికి చేసుకునే జొన్న ప్యాలాలు కూడా ఇట్లా పాలల్లో బాగుంటాయి. బెల్లం కొద్దిగానే వేసుకోండి, అదీ తీపే, మంచిదని గుప్పెడు వేయకూడదు.

ఆదివారం మాత్రం సర్వపిండే. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి ముద్ద కలపాలి. గంజు (లోతు గిన్నె) లోపల నూనె రాసి ఆ ముద్దను చేత్తో పల్చగా ఒత్తి, వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, వాటిలో చుక్క చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నమంట మీద కాలనివ్వాలి. తిప్పేది లేదు, ఒకవైపు ఎర్రగా కాలితే చాలు. కాలిన గంజులో రెండోది ఒత్తితే చేయి కాలుతుంది కాబట్టి రెండు గంజులు పెట్టుకోవాలి, లేదంటే నీళ్లు పోసి చల్లార్చుకోవాలి. నూనె, కారం ఉంటాయి కనుక రోజూ వద్దు.

హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లలకు పొయ్యి దొరకదు, నాకు తెలుసు. వాళ్లు ఇంటికి వచ్చినప్పుడల్లా వేయించిన అటుకుల డబ్బా, పల్లీలు, నువ్వుల ముద్దలు పట్టుకుపోండి. ఇంట్లో ఉన్నవాళ్లు ఈ రాత్రికి మక్కరవ్వ నానబెట్టండి, రవ్వ లేకపోతే బొబ్బర్లు నానబెట్టండి, పొద్దున ఉడికించి పోపేస్తే గుడాలవుతాయి.

మీ నానమ్మ,
హన్మకొండ