రేడియో కిట్ కాయిల్స్: గేజ్ గురించి ఇంత భయం ఎందుకు?

"అన్నా, కిట్‌లో 28 గేజ్ అని రాశారు. మా ఊళ్లో 26 మాత్రమే దొరికింది. ఆపేయనా?" కిట్లు కట్టేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. ఆ గొంతులో టెన్షన్ నాకు తెలుసు. ఖర్చులు తగ్గించుకుని కిట్ కొన్నవాళ్లకు, తీగ దగ్గర తప్పు జరిగితే డబ్బంతా వృథా అవుతుందేమోనన్న బెంగ ఉంటుంది. ఆపకండి. ఆ 26తోనే చుట్టేయండి. (గేజ్ అంటే తీగ మందాన్ని చెప్పే నంబరు. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది.)

అపోహ: గేజ్ ఒక్క నంబరు మారినా రేడియో ట్యూన్ కాదు.

టొరాయిడ్ అంటే ఉంగరం ఆకారపు కోర్. దాని మీద చుట్టిన కాయిల్ ఇండక్టెన్స్‌ను, అంటే సర్క్యూట్ ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అవుతుందో నిర్ణయించే గుణాన్ని, తేల్చేవి ముఖ్యంగా రెండే: కోర్, చుట్ల సంఖ్య. ఎరుపు రంగు టీ50-2 కోర్ తీసుకోండి. దాని ఏఎల్ విలువ (చుట్ల సంఖ్య వర్గంతో గుణిస్తే ఇండక్టెన్స్ ఇచ్చే అంకె) 4.9 నానోహెన్రీలు. 20 చుట్లు వేస్తే 20 × 20 × 4.9, అంటే సుమారు 1.96 మైక్రోహెన్రీలు. ఈ లెక్కలో తీగ మందం లేనే లేదు. అదే 21 చుట్లు పడితే 2.16 అవుతుంది. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన సర్క్యూట్ 6.76కి జారిపోతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర హ్యామ్ (అమెచ్యూర్) రేడియో వాళ్లకు ఇచ్చిన మన 40 మీటర్ల బ్యాండ్ మొత్తం కలిపి 200 కిలోహెర్ట్జ్ మాత్రమే, ఈ జారుడు దానికన్నా ఎక్కువ. కాబట్టి గేజ్ కాదు, చుట్లు చూసుకోండి. తీగ రంధ్రంలోంచి దూరిన ప్రతిసారీ ఒక చుట్టు. ఎప్పుడూ లోపలి వైపే లెక్కపెట్టండి.

ఒక ఇంజినీరింగ్ కుర్రాడు బోర్డు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. రిసీవర్లో చిన్న హిస్ తప్ప ఏమీ లేదు. గేజ్ తప్పని ఎవరో చెబితే ఒకే కాయిల్‌ను నాలుగుసార్లు విప్పి, నాలుగు రకాల తీగలతో చుట్టాడట. రెండు నెలలు పోయాయి. ఆ ఎవరో మీద నాకు ఇప్పటికీ కోపమే. భూతద్దం పెట్టి చూస్తే సోల్డర్ తీగను పట్టుకోలేదు, దాని చుట్టూ పూసలా కూర్చుంది. తీగ కాస్త తిప్పితే లోపల తిరుగుతోంది, సన్నటి గోధుమరంగు పొర అలాగే ఉంది. తీగ మీది ఇన్సులేషన్ పూత, అదే ఎనామెల్, గీకలేదు. బ్లేడుతో గీకి, రాగి మెరిసే దాకా శాండ్ పేపరు పట్టి, టిన్నింగ్ చేసి, అంటే కొసకు పలచగా సోల్డర్ పూసి, పెట్టాం. పది నిమిషాల్లో మాటలు వినపడ్డాయి. కుర్రాడి కళ్లలో నీళ్లు.

నా దగ్గరికి వచ్చే "గేజ్ ప్రాబ్లమ్"లలో ఎక్కువ భాగం ఇదే. పాలీయురెథేన్ పూత ఉన్న తీగ అయితే బాగా వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్‌కే కరుగుతుంది. మోటార్ వైండింగ్ షాపులో దొరికేది చాలావరకు పాలియెస్టర్ పూత. అది ఐరన్‌కు లొంగదు, గీకాల్సిందే. మల్టీమీటర్‌తో కంటిన్యూటీ చూసేటప్పుడు ప్రోబ్‌లు తీగ కొసల మీద కాదు, బోర్డు ప్యాడ్‌ల మీద పెట్టండి. కొస మీద పెడితే జాయింట్ చెడ్డదైనా బీప్ వస్తుంది.

గేజ్ నిజంగా పట్టించుకోవాల్సిన చోట్లు ఉన్నాయి. మొదటిది చోటు: టీ37 కోర్ రంధ్రం 5.2 మిల్లీమీటర్లే. అందులో 30 చుట్లు ఒకే వరసలో 28తో పడతాయి, 24తో పట్టవు. రెండోది కరెంటు: ట్రాన్స్‌మిటర్ ఫైనల్‌కు (చివరి పవర్ దశకు) సప్లై ఇచ్చే చోక్ కాయిల్‌లో 36 లాంటి వెంట్రుక తీగ వాడితే వేడెక్కుతుంది. మూడోది, కోర్ లేకుండా పైపు మీద పక్కపక్కనే చుట్టే కాయిల్: తీగ మందాన్ని బట్టి కాయిల్ పొడవు మారుతుంది కాబట్టి ఇండక్టెన్స్ కూడా కాస్త మారుతుంది. ఈ మూడోదే టొరాయిడ్‌కు అంటగట్టి పుకారు పుట్టించారని నా అనుమానం.

అపోహ: 28 అంటే ఎక్కడైనా 28. కాదు. మన షాపుల్లో వాడే బ్రిటిష్ కొలత ఎస్‌డబ్ల్యూజీ 28 అంటే 0.376 మిల్లీమీటర్లు. అమెరికా కిట్ కాగితంలోని అమెరికన్ కొలత ఏడబ్ల్యూజీ 28 అంటే 0.321, మన లెక్కలో దాదాపు 30. నంబరు తెలియని తీగ దొరికితే పెన్సిల్ మీద దగ్గరదగ్గరగా 20 చుట్లు వేసి స్కేలుతో కొలవండి. 8 మిల్లీమీటర్లు వస్తే పూతతో కలిపి 0.4, అంటే మన 28.

అపోహ: లిట్జ్ వైరు (విడివిడిగా పూత వేసిన సన్నటి పోగులు పేనిన తీగ) వాడితే షార్ట్‌వేవ్ బాగా వస్తుంది. మీడియం వేవ్ ఫెర్రైట్ రాడ్‌కు మంచిదే. 7 మెగాహెర్ట్జ్‌లో దానికి డబ్బు పెట్టకండి.

మన హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ గారు ఇంట్లో కట్టుకునే హ్యామ్ రేడియో డిజైన్ బిట్‌ఎక్స్ రూపొందించినప్పుడు, టొరాయిడ్లు దొరకని వాళ్ల కోసం కుళాయి వాషర్ల మీదే కాయిల్స్ చుట్టి చూపించారు. ఆ డిజైన్‌తో ఎంతోమంది రేడియోలో మాట్లాడటం మొదలుపెట్టారు. మీ దగ్గర అసలైన కోరే ఉంది. దగ్గర్లోని వైండింగ్ షాపుకి వెళ్లి 28 గేజ్ 50 గ్రాములు అడగండి. మీటరుకు దాదాపు ఒక గ్రాము తూగుతుంది, అంటే 50 మీటర్లు. టీ50 మీద 20 చుట్లకు అర మీటరు కూడా పట్టదు. మిగతాది తప్పులు చేసి మళ్లీ చుట్టుకోవడానికి.