బెర్విన్‌లో పుట్టిన బెల్ట్: షిమ్మర్ ఛాంపియన్‌షిప్ వెనక కథ

2015 ఫిబ్రవరి 23న అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ టీవీ షో మండే నైట్ రా లో ఆడవాళ్ళ ట్యాగ్ మ్యాచ్ ఒకటి పెట్టారు, ఒక పక్క బెల్లా ట్విన్స్, ఇంకో పక్క పేజ్, ఎమ్మా. మూడు గంటల షోలో ఆ మ్యాచ్‌కి దక్కింది అటూ ఇటూగా 30 సెకన్లు. ఫ్యాన్స్‌కి ఒళ్ళు మండిపోయి ట్విట్టర్‌లో గివ్ దివాస్ ఎ ఛాన్స్ అని ట్రెండ్ చేశారు (దివాస్ అంటే అప్పట్లో ఆ కంపెనీ ఆడ రెజ్లర్లకి పెట్టిన పేరు), ఆడవాళ్ళ రెజ్లింగ్‌ని సీరియస్‌గా తీసుకోవడం మొదలైన విమెన్స్ రెవల్యూషన్ అక్కడే పుట్టిందని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ 30 సెకన్లకి పరిమితమైపోయిన పేజ్, ఎమ్మా ఇద్దరూ అంతకు కొన్నేళ్ళ ముందే చికాగో పక్కన బెర్విన్ అనే ఊళ్ళో, ఆడవాళ్ళ రెజ్లింగ్ మాత్రమే నడిపే షిమ్మర్ అనే చిన్న ఇండిపెండెంట్ కంపెనీ రింగ్‌లో అసలైన కుస్తీ పట్టి వచ్చినవాళ్ళు.

టెన్ స్పోర్ట్స్‌లో రెజ్లింగ్ చూసి పెరిగినవాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. లేడీస్ మ్యాచ్ మొదలైతే చాలు, అమ్మో నాన్నో గదిలోకి వస్తారేమోనని రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చునేవాళ్ళం, బట్టలు లాగేసుకునే మ్యాచ్‌లు కూడా పెట్టేవాళ్ళు మరి. ట్రిష్, లీటా లాంటి డబ్ల్యూడబ్ల్యూఈ స్టార్లు ఎంత బాగా ఆడినా మిగతా టైమంతా అదే తంతు. జపాన్‌లో దశాబ్దాల పాటు ఆడవాళ్ళ రెజ్లింగ్‌ని స్టేడియాల స్థాయికి తీసుకెళ్ళిన ఆల్ జపాన్ విమెన్స్ అనే కంపెనీ కూడా 2005లోనే మూతపడింది.

అదే ఏడాది నవంబర్ 6న డేవ్ ప్రజాక్ అనే ఆయన బెర్విన్ ఈగల్స్ క్లబ్‌లో షిమ్మర్ మొదటి షో పెట్టాడు, అలిసన్ డేంజర్ అనే రెజ్లర్ ఆయనకి తోడు నిలబడింది, కామెంటరీ కూడా ఆ ఇద్దరే చెప్పుకునేవాళ్ళు. చిన్న హాలు, మడత కుర్చీలు, టీవీ డీల్ లేదు. ఒక్క వీకెండ్‌లో రెండు మూడు షోలకి సరిపడా మ్యాచ్‌లు షూట్ చేసి వాల్యూమ్ 1, వాల్యూమ్ 2 అని డీవీడీలుగా అమ్మేవాళ్ళు. మొదటి వాల్యూమ్ మెయిన్ ఈవెంట్‌లో సారా డెల్ రే, మెర్సిడెస్ మార్టినెజ్ 20 నిమిషాలు కొట్టుకుని టైమ్ అయిపోయి డ్రా అయింది. తొలి షోలోనే, గెలుపు ఎవరిదో తేల్చకుండా, ఇద్దరు ఆడవాళ్ళకి 20 నిమిషాలు ఇచ్చేశారు! నా లెక్కలో షిమ్మర్ అంటే ఏంటో ఆ ఒక్క నిర్ణయంలోనే తెలిసిపోయింది.

ఇంకో మంచి పని, ఛాంపియన్‌కి ఇచ్చే బెల్ట్ కోసం తొందరపడలేదు. కొత్త కంపెనీలు చాలావరకు మొదటి రోజే ఎవరో ఒకరి నడుముకి బెల్ట్ కట్టేస్తాయి, ఆ బెల్ట్‌కి విలువ ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి? షిమ్మర్ ఏడాదిన్నర పైనే ఆగింది. ఆ గ్యాప్‌లో ఎవరు ఎలాంటి వాళ్ళో, ఎవరికి ఎవరితో పడదో జనానికి బాగా ఎక్కింది. ఐర్లాండ్ నుంచి వచ్చిన రెబెక్కా నాక్స్ అనే అమ్మాయికి డైజీ హేజ్‌తో నడిచిన గొడవ కూడా అప్పటిదే, తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈలో పెద్ద స్టార్ అయిన బెకీ లించ్ ఆ అమ్మాయే. 2007 జూన్‌లో టోర్నమెంట్ పెట్టారు, ఫైనల్లో లేసీని ఓడించి సారా డెల్ రే మొదటి ఛాంపియన్ అయింది.

2008 ఏప్రిల్ 26న ఆమె నుంచి మిస్‌చిఫ్ అనే రెజ్లర్ టైటిల్ లాక్కుంది. నల్ల జుట్టులో ఆకుపచ్చ రంగు, వెన్నెముక ఉందా లేదా అన్నట్టు వెనక్కి వంగే ఒళ్ళు, అన్నిటికీ మించి ఆ కేక. రింగ్ మధ్యలో నిలబడి అరిచిందంటే అంత చిన్న హాలు దద్దరిల్లిపోయేది. 714 రోజులు బెల్ట్ ఆమె దగ్గరే ఉంది. టీవీలో నెలకోసారి చేతులు మారే బెల్ట్‌లు చూసి చూసి ఉన్నవాళ్ళకి ఇది వింతగా అనిపించొచ్చు కానీ ఏడాదిలో కొన్ని వీకెండ్లే షోలు జరిగేచోట ఛాంపియన్ ఓడిపోవడం అనేది పెద్ద సంగతి కావాలంటే ఇదొక్కటే దారి. 2010 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మాడిసన్ ఈగల్స్ చేతిలో ఆమె ఓడింది. మాడిసన్ 539 రోజులు నిలబెట్టుకుంది, 2011లో ప్రో రెజ్లింగ్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఆడ రెజ్లర్ల ర్యాంకింగ్‌లో నంబర్ వన్ కూడా ఆమెకే ఇచ్చింది, టీవీలో కనపడని అమ్మాయికి!

ఇక చీర్‌లీడర్ మెలీసా సంగతి. దాదాపు మొదటి నుంచీ ఉంది, అందరితోనూ ఆడింది, బెల్ట్ మాత్రం రాలేదు. ఏళ్ళకి ఏళ్ళు. చివరికి 2011 అక్టోబర్ 1న మాడిసన్ మీద గెలిచింది, ఆరు నెలలు కూడా తిరక్కుండానే ఇంగ్లండ్ నుంచి వచ్చిన సరాయా నైట్ లాగేసుకుంది. ఈ సరాయా ఎవరో కాదు, పేజ్ వాళ్ళ అమ్మ, నలభై ఏళ్ళ వయసులో జనాన్ని నోటికొచ్చినట్టు తిడుతూ వచ్చి ఛాంపియన్ అయింది. వాళ్ళిద్దరి లెక్క 2013 ఏప్రిల్ 6న న్యూజెర్సీ సికాకస్‌లో, డబ్ల్యూడబ్ల్యూఈ ఏడాదికోసారి పెట్టే పెద్ద షో రెజిల్‌మేనియాకి ముందు రోజు, రింగ్ చుట్టూ ఇనుప కంచె కట్టిన స్టీల్ కేజ్‌లో తేలింది, మెలీసా బెల్ట్ వెనక్కి తెచ్చుకుంది. రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే రాసుకున్న ఫలితమే కదా అంటారు కొందరు. రాసుకున్నదే. అన్నేళ్ళ ఎదురుచూపు మాత్రం ఎవరూ రాసిచ్చింది కాదు, ఇనుప కంచె మీద పడితే తగిలే దెబ్బ కూడా అంతే.

అప్పటికే డెల్ రే డబ్ల్యూడబ్ల్యూఈలో ట్రైనర్‌గా చేరిపోయింది, 2012లో. తర్వాత అక్కడ స్టార్లయిన షార్లెట్, సాషా, బేలీ ఆమె చేతి కింద తయారైనవాళ్ళే. వాళ్ళలో బేలీ అయితే అంతకు ముందే డేవినా రోజ్ అన్న పేరుతో బెర్విన్ రింగ్‌లో ఆడి మరీ వెళ్ళింది.