రశీదు ఉంటే డబ్బు వస్తుందా? పాత సామాన్లు అమ్మి పంపేవారి అపోహలు

హనుమకొండలో మా పార్సిల్ కౌంటర్ దగ్గర రోజూ వినే మాట ఇది: "రశీదు ఉంది కదండీ, పోతే వాళ్లే కట్టిస్తారు." వాడిన ఫోను, కెమెరా, ల్యాప్‌టాప్ ఆన్‌లైన్‌లో అమ్మి, కొన్నవాళ్లకు పంపడానికి వచ్చేవారిలో చాలామంది ఈ ధీమాతోనే వస్తారు. అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తున్నది ఈ నమ్మకమే కాబట్టి ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: స్పీడ్ పోస్టులో గానీ పేరున్న కొరియర్‌లో గానీ వేస్తే, పార్సిల్ పోయినప్పుడు వస్తువు ఖరీదు మొత్తం ఇస్తారు.

వాస్తవం: ఇవ్వరు. ఇన్సూరెన్స్ లేని స్పీడ్ పోస్టు పార్సిల్ పోతే తపాలా శాఖ ఇచ్చే పరిహారం, మీరు కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అది. 150 రూపాయలు కట్టి పంపిన 18,000 రూపాయల కెమెరా పోయిందనుకోండి, చేతికి వచ్చేది 300. ప్రైవేటు కొరియర్ రశీదును ఒకసారి తిప్పి చూడండి. వెనకవైపు సన్నని అక్షరాల్లో ఇలాంటి పరిమితే కనిపిస్తుంది.

వస్తువు విలువకు భరోసా కావాలంటే బుక్ చేసేటప్పుడే ఇన్సూరెన్స్ అడగాలి. విలువ రాయించి, దానికి విడిగా రుసుము కట్టాలి. స్పీడ్ పోస్టుకు లక్ష రూపాయల వరకు ఈ సదుపాయం ఉంది. పార్సిల్ కౌంటర్ దాటాక ఎంత బతిమాలినా కుదరదు. "విలువ తక్కువ రాస్తే ఖర్చు కలిసొస్తుంది" అని సలహాలిచ్చేవాళ్ల మాట దయచేసి వినకండి. మీరు 500 అని రాసి సంతకం పెట్టాక, అందులో 20,000 రూపాయల వస్తువు ఉందంటే ఎవరూ ఒప్పుకోరు.

యూనివర్సిటీ విద్యార్థి ఒకడు సరిగ్గా ఇలాగే దెబ్బతిన్నాడు. నిజామాబాద్‌లో ఒకరికి ల్యాప్‌టాప్ అమ్మి, వేరేచోట ఒక కొరియర్‌లో బుక్ చేశాడు. ఎవరో చెప్పారని విలువ తక్కువ రాశాడు. కొన్నాయన తెర పగిలిందని ఫొటోలు పంపి డబ్బు తిరిగి అడిగాడు. ఆ డబ్బేమో అప్పటికే హాస్టల్ ఫీజుకు వెళ్లిపోయింది. కళ్లలో నీళ్లు పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. చుట్టూ ఒక వరస న్యూస్‌పేపర్ మాత్రమే ఉంది. బరువైన చార్జర్ అడాప్టర్‌ను తీసుకెళ్లి ల్యాప్‌టాప్ మూత మీదే పెట్టాడు. తెర మీద పగుళ్లన్నీ ఆ అడాప్టర్ మూల ఆనిన చోటు నుంచే బయలుదేరాయి. ఫిర్యాదు నేనే రాసిపెట్టాను కానీ, ప్యాకింగ్ లోపమని తోసిపుచ్చడానికి కొరియర్‌వాళ్లకు కారణం ఆ ఫొటోల్లోనే ఉంది.

అందుకే చెబుతున్నాను. చార్జర్‌ను వేరుగా చుట్టి పక్కన పెట్టండి. వస్తువు చుట్టూ, పైనా కిందా కనీసం రెండు అంగుళాల మెత్త ఉండాలి. అట్టపెట్టె మూసి ఊపితే లోపల ఏదీ కదలకూడదు. సీరియల్ నంబరు కనిపించేలా, టేపు వేసేవరకు ఆపకుండా వీడియో తీసుకోండి. పెట్టెను తూకం మీద పెట్టి అంకె కూడా అదే వీడియోలో వచ్చేలా చూడండి. "ఖాళీ డబ్బా వచ్చింది" అని కొన్నవాళ్లు గొడవ పెట్టుకుంటే మీ మాట నిలబెట్టేది ఆ వీడియోనే.

ఇక తేలిక వస్తువుకు చార్జీ తక్కువే పడుతుందన్న లెక్క కూడా తప్పు. కొరియర్లు పెట్టె పరిమాణాన్నీ తూకంగా లెక్కిస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలాచోట్ల 5,000తో భాగిస్తారు. 40, 30, 30 కొలతల పెట్టెలో రెండు కిలోల టేబుల్ ఫ్యాను పెట్టినా 7.2 కిలోల చార్జీ పడుతుంది. అమ్మకం ధర చెప్పకముందే పెట్టెను కొలవండి.

"రిజిస్టర్డ్ పోస్టు చేయండి" అని ఇప్పటికీ అడుగుతున్నారు. 2025లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. చిరునామాదారు చేతికే అందాలనుకుంటే స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ జోడించమనండి. ఓటీపీ చెప్తేనే ఇచ్చే పద్ధతీ ఉంది. ఒక్కోదానికి 5 రూపాయలు, పైన జీఎస్టీ. ఖరీదైన వస్తువుకు ఈ ఖర్చు దగ్గర వెనకాడకండి.

గ్రూప్స్ పుస్తకాలు అమ్మేవాళ్లు పాత బుక్ పోస్టు రేట్లు మరిచిపోవాలి. 2025 మే 1 నుంచి పుస్తకాలు పంపడానికి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అనే సేవ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్నులు అదనం. రోడ్డు, రైలు మార్గాల్లో వెళ్తుంది కాబట్టి ఆలస్యమవుతుందని కొన్నవాళ్లకు ముందే చెప్పండి. పత్రికలు ఇందులో తీసుకోరు.

కరీంనగర్‌కో ఆదిలాబాద్‌కో కుర్చీ, సైకిల్ లాంటివి పంపాలంటే ముందు ఆర్టీసీ కార్గోలో రేటు కనుక్కోండి. కాకపోతే కొన్నవాళ్లు సాధారణంగా బస్టాండుకు వచ్చి తీసుకోవాలి. అది బేరం కుదిరినప్పుడే మాట్లాడుకోవాలి.

ట్రాకింగ్ రెండు రోజులు కదలకపోతే పార్సిల్ పోయినట్టేనని రాత్రిపూట ఫోన్లు చేస్తుంటారు. ఆ కంగారు నాకు అర్థమవుతుంది, నెలల తరబడి దాచుకున్న వస్తువు కదా. కానీ సంచి కట్టేటప్పుడు, విప్పేటప్పుడే స్కాన్ చేస్తారు, దారిలో ఉన్నంతసేపు కొత్త వివరం రాదు. అడ్రసులో జిల్లా పేరు వరంగల్ అని రాయాలా, హనుమకొండ అని రాయాలా అన్న బెంగ కూడా అక్కర్లేదు. పిన్ కోడ్, ఫోన్ నంబరు సరిగ్గా ఉంటే చాలు.

భయపడాల్సింది మాత్రం "అడ్రసు అసంపూర్తిగా ఉంది, ఈ లింకు నొక్కి కొంచెం డబ్బు కట్టండి" అని ఫోనుకు వచ్చే సందేశానికి. దాన్ని తీసేయండి. కొంటానన్న మనిషి క్యూఆర్ కోడ్ పంపి, డబ్బు మీ ఖాతాలో పడాలంటే యూపీఐ పిన్ కొట్టమన్నాడా? డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. కొట్టారంటే మీ ఖాతాలోంచే పోతుంది. ఫోన్ పెట్టేసి ఆ నంబరు బ్లాక్ చేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.