మునగగింజ నీటిశుద్ధి ప్లాంటు గడప ఎందుకు దాటలేదు?

కలక నీటిని తేటపరిచేవి ఏడు అంటుంది సుశ్రుత సంహిత. కతకం, గోమేదకం, తామర కణుపు, నాచు వేరు, గుడ్డ, ముత్యం, మణి. వీటిలో గుడ్డ వడగట్టేది. రత్నాలు నీళ్లలో పడి చేసే పనేమీ కనబడదు. జాబితాలో ముందున్న కతకం మాత్రం నిజంగానే నీళ్లు తేరుస్తుంది. తెలుగువాళ్లు చిల్లగింజ అనేది దాన్నే. మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది: కతకం కాయ నీటిని తేటపరిచేదే అయినా, దాని పేరు తలిచినంత మాత్రాన నీరు తేటపడదు. అక్కడ చెబుతున్నది ధర్మం గురించి, నీటి గురించి కాదు. ఉపమానానికి వాడుకున్నారంటే ఆ గింజ చేసే పని వినేవాళ్లకు అప్పటికే బాగా తెలిసి ఉండాలి.

నైలు ఒడ్డున కూడా ఇదే తెలివి వేరే చెట్లతో నడిచింది. ఈజిప్టులో కుండ లోపలి అంచుకు బాదంపప్పు రుద్ది నది నీళ్లు తేర్చుకునేవారని 16వ శతాబ్దపు యూరప్ యాత్రికులు రాశారు. సూడాన్ పల్లెల్లో ఆడవాళ్లు వరద నీళ్లకు మునగగింజ పొడి వాడేవారు. ఇన్ని చోట్ల ఇంతకాలంగా తెలిసిన పద్ధతి, పట్టణాలకు నీటిశుద్ధి కేంద్రాలు కట్టే రోజులు వచ్చేసరికి ఎక్కడా కనబడదు. దాన్ని మరిచిపోవడమే కారణం అనుకుంటే పొరపాటు. అసలు కారణం గింజలోనే ఉంది.

ముందు నీళ్లు వాటంతట అవి ఎందుకు తేరుకోవో చూడాలి. ఒక మైక్రాన్ సైజు మట్టి నలుసు నిశ్చలమైన నీటిలో ఒక్క మీటరు దిగడానికి సుమారు పన్నెండు రోజులు తీసుకుంటుంది. అందులో పదోవంతు సైజు నలుసుకు లెక్కప్రకారం మూడేళ్లు దాటుతుంది. పైగా బంకమట్టి నలుసుల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కలిసి బరువెక్కవు. తేర్చే మందు ఏదైనా చేయాల్సింది రెండే పనులు: ఆ ఆవేశాన్ని చంపడం, లేదా పొడవాటి అణువులతో నలుసుకూ నలుసుకూ వంతెన వేయడం. అప్పుడే నలుసులు ఫ్లాక్ అనే మెత్తటి ముద్దలుగా కట్టి అడుగుకు చేరతాయి.

పటిక, అంటే అల్యూమినియం సల్ఫేట్, మొదటి పని బాగా చేస్తుంది. మందు కలిపిన నీటిని ఇసుక ఫిల్టర్‌లోంచి పంపే పద్ధతికి 1884లో అమెరికాలో ఐజయా స్మిత్ హయాట్ పేటెంటు తీసుకున్నాడు. 1895 నుంచి 1897 దాకా లూయీవిల్‌లో ఒహాయో నది బురద నీటి మీద జార్జ్ ఫుల్లర్ చేసిన ప్రయోగాలు దానికి ఇంజినీరింగ్ పునాది వేశాయి. వేగంగా నడిచే ఇసుక ఫిల్టర్ ముందు మందు వేయకపోతే కలక సూటిగా ఇసుకలోంచి జారిపోతుందని తేలింది. ఆ తర్వాత వచ్చిన ప్లాంట్లలో ఎక్కువ భాగం పటిక చుట్టూ కట్టినవే. ఈ బస్తాలోనూ ఆ బస్తాలోనూ ఒకటే సరుకు, నీళ్లలో పూర్తిగా కరుగుతుంది, పంపుతో లెక్కగా వదలొచ్చు, గోదాములో కుళ్లదు, కుళ్లేదేదీ నీళ్లలో కలపదు. ఈ ఐదు గుణాల్లో ఒక్కటి కూడా గింజల పొడికి లేదు.

అలాగని పటికకు లోపాలు లేవని కాదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము పటిక వేస్తే నీటి క్షారతలో, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణంలో, దాదాపు అర మిల్లీగ్రాము తినేస్తుంది. క్షారత తక్కువున్న నీటిలో పీహెచ్ పడిపోతుంది, సున్నం వేసి సరిచేయాలి. అడుగున చేరేది జిగటగా, నీళ్లు వదలని బురద. 1970లలో డయాలసిస్ రోగుల మెదడు దెబ్బతినడానికి నీటిలోని అల్యూమినియం కారణమని బయటపడ్డాక తాగునీటిలో దాని శేషం మీద నిఘా పెరిగింది. పెద్ద ప్లాంట్లలో లీటరుకు 0.1, చిన్న ప్లాంట్లలో 0.2 మిల్లీగ్రాములకు మించకుండా నడపడం సాధ్యమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 1988 జులైలో ఇంగ్లాండ్‌లోని క్యామెల్‌ఫర్డ్ దగ్గర 20 టన్నుల అల్యూమినియం సల్ఫేట్‌ను పొరపాటున వేరే ట్యాంకులో పోయడంతో అది నేరుగా జనం కొళాయిల్లోకి వెళ్లింది. మొక్కల మందులను సమర్థించేవాళ్లు ఈ ఘటనను తరచూ ఎత్తుతారు. కానీ అది పటిక తప్పు కాదు, మందు దించుకున్న తీరులో తప్పు.

మొక్కల మందును శాస్త్రం మళ్లీ పట్టించుకున్నది భయంతో కాదు, ఖర్చుతో. పటికను విదేశీ మారకం పెట్టి కొనుక్కునే దేశాలకు అది భారమైంది. 1970లు, 80లలో జర్మన్ ప్రభుత్వ సాంకేతిక సహకార సంస్థ జీటీజెడ్ తరఫున సామియా అల్ అజారియా జాన్ సూడాన్ ఆడవాళ్ల పద్ధతులను వరసగా పరీక్షించింది. బంకమట్టులు, చిక్కుడు జాతి గింజలు, రకరకాల మొక్కలు చూశాక అన్నిటికన్నా నికరంగా పనిచేసింది మునగగింజే.

పల్లె ఇంట్లో 20 లీటర్ల బిందెకు ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చూద్దాం. కాయ చెట్టు మీదే ఎండి గోధుమ రంగుకు రావాలి. లేత గింజలో తేర్చే గుణం సరిగా ఉండదు. గింజ రెక్కలు, పెంకు తీసేసి తెల్లటి పప్పు మాత్రమే వాడాలి. పప్పు ఒకటి సుమారు 0.2 గ్రాములు తూగుతుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల మోతాదు కావాలంటే 2 గ్రాములు, అంటే పది పప్పులు. మెత్తగా నూరి, కొంచెం నీటితో ముద్ద చేసి, 200 మిల్లీలీటర్ల శుభ్రమైన నీటిలో ఐదు నిమిషాలు గిలక్కొట్టి, సన్నటి గుడ్డలో వడకట్టాలి. పాలలాంటి ఆ ద్రావణమే మందు. బిందెలో పోసి ఒక నిమిషం వేగంగా, తర్వాత ఐదు నుంచి పది నిమిషాలు నెమ్మదిగా కలపాలి. మూతపెట్టి కదపకుండా గంట, రెండు గంటలు ఉంచి పై తేటను వంచుకోవాలి.

మోతాదు కలకను బట్టి మారుతుంది. కలకను కొలిచే యూనిట్ ఎన్‌టీయూ. 50 ఎన్‌టీయూ లోపు నీటికి లీటరుకు 10 నుంచి 50 మిల్లీగ్రాములు, 50–150 మధ్య అయితే 30 నుంచి 100, ఆపైన 50 నుంచి 200. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే, ఆ రోజు నీటికి ఎంత అన్నది జార్ టెస్టే, అంటే బీకర్లలో వేర్వేరు మోతాదులు వేసి చూసే పరీక్షే, చెప్పాలి.

ఎక్కువమంది తప్పు చేసేది నెమ్మదిగా కలిపే దశలో. జోరుగా కలుపుతూనే ఉంటే కట్టిన ముద్దలు చితికిపోతాయి, తిరిగి కట్టవు. వడకట్టకుండా వేస్తే పొడి రేణువులే కొత్త కలక అవుతాయి. మోతాదు మరీ ఎక్కువైతే నలుసుల మీద ఈసారి ధనావేశం పేరుకుని అవి మళ్లీ నెట్టుకోవడం మొదలుపెడతాయి. నిన్న కలిపిన ద్రావణం ఇవాళ పనిచేయదు, ఎండల్లో ఇంకా ముందే పాడవుతుంది. గింజలను పెంకుతో నిల్వ చేసుకోవచ్చు, పొడి చేసి దాచకూడదు. నీరు చూడ్డానికి దాదాపు తేటగా ఉన్నప్పుడు ఈ మందు నిరాశపరుస్తుంది. నలుసులు పలచగా ఉంటే ఒకదానికొకటి తగలవు కాబట్టి ముద్ద కట్టదు.

ఇంట్లో పనిచేసింది ప్లాంటులో పనిచేస్తుందా అన్న పరీక్ష మలావీలో జరిగింది. ఇంగ్లాండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్ ఫోకార్డ్, జాన్ సదర్లాండ్ బృందం థ్యోలోలో మొదట పైలట్ ప్లాంటుతో, 1990ల మొదట్లో అక్కడి అసలు ప్లాంటులోనే మునగగింజను నడిపింది. వర్షాకాలపు బురద నీటిని ఫిల్టర్ దాటాక 4 ఎన్‌టీయూ లోపుకు తెచ్చింది, పటికతో సమానంగా. అంటే తేర్చే శక్తి మీద వివాదం అక్కడితో తీరిపోయింది.

మిగిలిన ప్రశ్న గింజలో ఆ పని చేస్తున్నది ఏమిటన్నది. 1995లో ఎన్‌డాబిగెంగెసెరె బృందం అది సుమారు 13 కిలోడాల్టన్ల (అణువు బరువు కొలత) ధనావేశ ప్రొటీన్ అని, దాని ఆవేశం సున్నా అయ్యే పీహెచ్, అంటే ఐసోఎలక్ట్రిక్ పాయింట్, 10–11 మధ్య ఉంటుందని చూపించింది. అదే ఏడాది గాసెన్‌ష్మిట్ బృందం సుమారు 6.5 కిలోడాల్టన్ల ప్రొటీన్‌ను వేరుచేసి దాని అమైనో ఆమ్లాల వరస తేల్చింది. మామూలు నీళ్లకన్నా ఉప్పు నీళ్లలో ఈ ప్రొటీన్లు బాగా దిగుతాయి. జపాన్‌లో ఒకుడా బృందం ఒక మోలార్ ఉప్పు ద్రావణంతో, అంటే లీటరుకు 58 గ్రాముల ఉప్పుతో తీసిన సారం మామూలు నీటి సారం కన్నా 7.4 రెట్లు బలంగా పనిచేసిందని 1999లో చెప్పింది. ఇంకా శుద్ధి చేశాక, ఉప్పు సారంలో పనిచేస్తున్నది ప్రొటీనే కాదు, సుమారు 3 కిలోడాల్టన్ల సేంద్రియ పాలీఎలక్ట్రోలైట్ (ఆవేశమున్న పొడవాటి అణువు) అని 2001లో అదే బృందం ప్రకటించింది. తీసే పద్ధతి మారితే దొరికే పదార్థమే మారుతోందన్న మాట. బస్తా బస్తాకూ ఒకటే సరుకు కావాలనే ప్లాంటు ఇంజినీరుకు ఇది మంచి వార్త కాదు.

అసలు అడ్డంకి మరొకటి. మునగపప్పులో 35–40 శాతం నూనె. మిగతాదాంట్లో తేర్చే ప్రొటీన్ కొంచెమే, తక్కినవన్నీ పనికిరాని ప్రొటీన్లు, చక్కెరలు. పప్పు బరువులో దాదాపు సగం కార్బన్. లీటరుకు 100 మిల్లీగ్రాముల పప్పు వేస్తే అందులో కొంత ముద్దలతో అడుగుకు పోతుంది, కొంత కరిగి నీటిలోనే ఉండిపోతుంది. అది బ్యాక్టీరియాకు మేత. 1987లో వచ్చిన ఒక అధ్యయనంలో మునగగింజ వేసిన గంట, రెండు గంటల్లో బ్యాక్టీరియా 90 నుంచి 99.99 శాతం తగ్గింది. 24 గంటల్లో మళ్లీ పెరిగింది. మొదటి సగాన్ని ప్రచారం చేసేవాళ్లు రెండో సగాన్ని వదిలేస్తారు. తేరిన నీళ్లు తాగడానికి సిద్ధమైనట్టు కాదు, మరిగించాలి లేదా క్లోరిన్ వేయాలి. ఆ క్లోరిన్‌తోనూ పేచీ ఉంది. నీటిలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిస్తే ట్రైహాలోమీథేన్లనే హానికర పదార్థాలు పుడతాయని నెదర్లాండ్స్‌లో యోహానెస్ రూక్ 1974లో చూపించాడు. అప్పటినుంచి క్లోరిన్‌కు ముందే సేంద్రియ కార్బన్ తగ్గించాలని ప్లాంట్లు తంటాలు పడుతుంటే, గింజల పొడి దాన్ని పెంచుతుంది.

కాబట్టి తర్వాతి పరిశోధన అంతా గింజలోంచి అనవసరమైనదాన్ని తీసేయడం మీదే సాగింది. నూనె తీయడం తేలిక. నూనెకు గిరాకీ ఉంది, మిగిలిన చెక్కలో తేర్చే గుణం చెడదు. ఆ తర్వాత ఉప్పుతో సారం తీయడం, పలుచని పొరతో వడగట్టే డయాలసిస్, ఆవేశాన్ని బట్టి వేరుచేసే అయాన్ ఎక్స్ఛేంజ్ వరుసగా వచ్చాయి. ఇవి చేస్తే కార్బన్ బెడద తగ్గుతుంది, కానీ రోలూ గుడ్డా చాలిన పని ఫ్యాక్టరీ పని అవుతుంది. 2012లో అమెరికాలోని పెన్ స్టేట్ బృందం చూపిన దారి వీటిలో తెలివైనది. మునగ సారంలో ఇసుకను తడిపితే ధనావేశ ప్రొటీన్ ఇసుక రేణువులకు అంటుకుపోతుంది. మిగతా సరుకును కడిగేసి ఆ ఇసుకనే వాడొచ్చు.

మునగ ఒక్కటే ఈ కథలో లేదు, కానీ మిగతావాటి పని వేరు. చిల్లగింజలోని పాలీసాకరైడ్ల (పొడవాటి చక్కెర గొలుసుల) మీద రుణావేశం ఉంటుంది. బురదా రుణావేశమే కాబట్టి, నీటిలో కాల్షియం లేకపోతే దాని బలం తగ్గుతుంది. 1960ల నుంచి భారత పరిశోధకులు దాన్ని పటికకు తోడుగా వాడి పటిక మోతాదు తగ్గించగలిగారు. నాగజెముడు జిగురు వంతెన వేసే రకం, అందులో గలక్ట్యురానిక్ ఆమ్లం ముఖ్యం. పిండిపదార్థాలు, గోరుచిక్కుడు గింజల గమ్ ఒకప్పుడు సహాయక మందులుగా బాగా వాడుకలో ఉండేవి. 1950ల తర్వాత పాలీఅక్రిలమైడ్ అనే కృత్రిమ పాలిమర్ వచ్చి చాలాచోట్ల వాటిని పక్కకు నెట్టింది. తక్కువ మోతాదులోనే పెద్ద ముద్ద కట్టించే ఆ పాలిమర్‌తో పోటీపడటం కష్టం.

ఫ్యాక్టరీ స్థాయికి నిలదొక్కుకున్నది టానిన్. తుమ్మ జాతికి చెందిన అకేషియా మియర్న్సీ బెరడు నుంచి టానిన్ తీసి, అమ్మోనియం క్లోరైడ్, ఫార్మాల్డిహైడ్‌లతో మానిక్ చర్య అనే రసాయన చర్య జరిపితే దానికి ధనావేశం వస్తుంది. బ్రెజిల్‌లో టానాక్ కంపెనీ దీన్ని టాన్‌ఫ్లాక్ పేరుతో అమ్ముతోంది. ద్రవంగానో పొడిగానో ఒకే నాణ్యతతో దొరుకుతుంది, పంపుతో వదలొచ్చు, పీహెచ్‌ను పెద్దగా కదపదు. మొదట్లో చెప్పిన పటిక గుణాలు దీనికి చాలావరకు వచ్చేశాయి. అలా రావడానికి కారణం రసాయన మార్పే కాబట్టి దీన్ని పూర్తి ప్రకృతి సిద్ధం అనడం కొంచెం ఎక్కువ చెప్పడమే. కొనేవాళ్లు ఫార్మాల్డిహైడ్ శేషం ఎంతో పత్రం అడగాలి. ఇనుము తగిలితే టానిన్ నల్లగా మారుతుంది కాబట్టి ఇనుప ట్యాంకులకు, ఫెర్రిక్ లవణాలకు దూరంగా ఉంచాలి. మోతాదు మించితే నీటికి లేత గోధుమ రంగు అంటుతుంది.

మొక్కల మందుకు నిజంగా చోటున్నది మురుగు నీటి దగ్గర. తాగునీటిలో సేంద్రియ కార్బన్ లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములే ఉంటుంది, పది మిల్లీగ్రాములు కలిసినా కొంప మునుగుతుంది. సీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సిజన్ లెక్కలో చెప్పే కొలత) లీటరుకు 2,000 మిల్లీగ్రాములు ఉన్న డెయిరీ లేదా అద్దకం నీటిలో అదే పది లెక్కలోకి రాదు. అడుగున చేరిన బురదలో అల్యూమినియం ఉండదు, వచ్చిన మురుగులో భారలోహాలు లేకపోతే బయోగ్యాస్ ట్యాంకుకు పంపొచ్చు. కాకపోతే అది త్వరగా కుళ్లుతుంది, రెండు మూడు రోజులు కుప్పగా ఉంచితే వాసన భరించలేం.

ఈ నీటి మీద పరీక్ష చేసేటప్పుడు కలక ఒక్కటే కొలవడం పెద్ద లోపం. ఒక్కో లీటరు పట్టే ఆరు బీకర్లలో నిమిషానికి 100–150 చుట్లతో ఒకటి రెండు నిమిషాలు, 30–40 చుట్లతో ఇరవై నిమిషాలు తిప్పి, అరగంట ఆగాక పై నీటిలో కలకతో పాటు కరిగిన సీఓడీ, పీహెచ్ కూడా చూడాలి. కలక 95 శాతం తగ్గి కరిగిన సీఓడీ పెరిగిందంటే మందు తన చెత్తను నీటిలోనే వదిలిందని అర్థం. కయోలిన్ మట్టి కలిపిన ప్రయోగశాల నీటి మీద వచ్చిన గొప్ప ఫలితాలను నమ్మి ట్యాంకు డిజైన్ చేస్తే దెబ్బతింటారు. నిజమైన మురుగులో సబ్బు, కొవ్వు, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు మందు ధనావేశాన్ని ముందే మింగేస్తాయి.

సరఫరా లెక్క కూడా వేసుకోవాలి. రోజుకు కోటి లీటర్ల ప్లాంటుకు లీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు టన్ను పప్పు కావాలి. ఏడాదికి 365 టన్నులు. పెంకుతో లెక్కిస్తే అది ఐదు వందల టన్నుల దగ్గరికి పోతుంది. పంట వచ్చేది ఏడాదిలో కొన్ని నెలలే, కాబట్టి మిగతా కాలానికి గింజను పెంకుతో, తేమ తగలకుండా నిల్వ చేయాలి. కొత్త బస్తా విప్పిన ప్రతిసారీ జార్ టెస్ట్ మళ్లీ మొదటినుంచి చేయాలి.