లీవర్ యాక్షన్ రైఫిల్: కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు తుపాకుల షాపుకి వస్తే ముందు అడిగేది పిస్టల్. ఈ మధ్య మాత్రం గోడ మీద చెక్క మడమతో ఉన్న రైఫిల్‌ని చూపించి "అన్నా, ఆ కౌబాయ్ గన్ ఎంత?" అనేవాళ్లు పెరిగారు. కృష్ణగారి కౌబాయ్ వేషాలు చూసి పెరిగిన తరం ఒకటి, వీడియో గేముల్లో చూసిన తరం ఇంకొకటి. ఇద్దరికీ అది సగం ఆటవస్తువే. చట్టం గురించైనా, తూటా గురించైనా, డబ్బు గురించైనా నేను వినే అపోహల్లో చాలావరకు అక్కడే పుడతాయి.

నేను షాపులో అమ్మకాలు చూస్తాను, వారాంతాల్లో కొత్తవాళ్లకి షూటింగ్ రేంజ్‌లో నేర్పిస్తాను. లాయర్ని కాదు. వీసా మీద ఉన్నవాళ్లు ఇది చదివాక మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, నేరుగా షాపుకి రాకండి.

అసలు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే లీవర్‌ని కిందికి తోసి మళ్లీ పైకి మూస్తే ఖాళీ కేస్, అంటే పేలిన తూటా తొడుగు, బయటపడి కొత్త తూటా లోపలికి వెళ్తుంది. తూటాలు బ్యారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. రివాల్వర్‌లో వాడే తూటాలనే ఇందులోనూ వాడితే దాన్ని పిస్టల్ క్యాలిబర్ లీవర్ గన్ అంటారు. క్యాలిబర్ అంటే తూటా కొలత. .357 మ్యాగ్నమ్, .44 మ్యాగ్నమ్, .45 కోల్ట్ ఎక్కువగా కనిపిస్తాయి.

అపోహ: "టెక్సస్‌లో అందరి దగ్గరా తుపాకులే. హెచ్1బి మీద ఉన్నా ఎవరూ పట్టించుకోరు."

టెక్సస్ ఎంత ఉదారంగా ఉన్నా ఇది ఫెడరల్ చట్టం. నాన్ ఇమిగ్రెంట్ వీసా, అంటే హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1, బి2 లాంటి వాటి మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే నేరం. తూటా ఉన్నా అంతే. కొనడం ఒక్కటే తప్పనుకోవద్దు. 2022 సవరణ తర్వాత దీనికి శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి కూడా అది చాలు.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనవాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. టెక్సస్‌లో ఉంటున్నవాళ్లకి మామూలు వేట లైసెన్స్ 25 డాలర్లు. ఇది వినగానే చాలామంది మొహంలో టెన్షన్ పోతుంది. కానీ ఆ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న కొత్తది చేతిలో లేకపోతే, బీరువాలో కదలకుండా పడున్న రైఫిలే మిమ్మల్ని చట్టానికి అవతల నిలబెడుతుంది. మినహాయింపు చూపించినా అమ్మాలా వద్దా అన్నది షాపు ఇష్టం. కాదంటే గొడవ పడొద్దు.

రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చడానికీ ఇదే లెక్క. ఇండియా నుంచి టూరిస్ట్ వీసా మీద వచ్చిన నాన్నగారి చేతికి రైఫిల్ ఇచ్చి ఫోటో తీసే ముచ్చట కూడా ఇందులోకే వస్తుంది. ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టడం సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అపోహ: "సిటిజన్ అయిన బావ పేరు మీద కొని నేను వాడుకుంటా."

షాపులో నింపే ఫారం 4473లో మొదట్లోనే ఒక ప్రశ్న ఉంటుంది: అసలు కొంటున్నది మీరేనా? వేరేవాళ్ల డబ్బుతో వాళ్ల కోసం కొంటూ అవునని టిక్ పెడితే అది అబద్ధపు వాంగ్మూలం. 2022 నుంచి, తుపాకీ ఉంచుకునే అర్హత లేదని తెలిసిన మనిషి కోసం ఇలా కొనడం దానికదే వేరే ఫెడరల్ నేరం కూడా. బావ తన డబ్బుతో కొని నిజంగా బహుమతిగా ఇస్తే తప్పులేదు, కానీ పుచ్చుకునేవాడికి చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉండాలి. హెచ్1బి మీద ఉండి మినహాయింపు లేని బావమరిదికి బహుమతి కూడా కుదరదు.

దీనికి తమ్ముడు లాంటిది ఇంకో మాట ఉంది: "గన్ షోలో (తుపాకుల సంతలో) బయటి వ్యక్తి దగ్గర కొంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండదుగా." టెక్సస్‌లో ప్రైవేటు అమ్మకాలకి చెక్ అక్కర్లేదన్నది నిజమే. నిషేధం మాత్రం చెక్ మీద ఆధారపడి లేదు, మనిషి మీద ఉంది. ఎక్కడ కొన్నా మీ వీసా మీతోనే ఉంటుంది.

అపోహ: "గ్రీన్ కార్డు వాళ్లకి కూడా కుదరదు, సిటిజన్లకే."

కుదురుతుంది. గ్రీన్ కార్డు, మీ చిరునామా ఉన్న రాష్ట్ర ఐడీ తెచ్చుకోండి. ఫారంలో ఆ కార్డు మీది నంబరు రాయాలి. అప్పటికప్పుడే, 1998 నుంచి నడుస్తున్న జాతీయ చెకింగ్ వ్యవస్థలో మీ పేరు చూస్తారు. షాపులో రైఫిల్‌కి కనీస వయసు 18, పిస్టల్‌కి 21. ఆన్‌లైన్లో ఆర్డర్ చేసినా రైఫిల్ మీ ఇంటికి రాదు. లైసెన్స్ ఉన్న షాపుకి వస్తుంది, ఇదే తతంగం అక్కడ జరుగుతుంది. వాళ్ల ఫీజు అదనం.

ఫెడరల్ రూల్స్ అంతటా ఒకటే, కానీ కొన్ని రాష్ట్రాల్లో వాటిపైన అదనపు కాగితాలు కావాలి. ఎడిసన్‌లో ఉన్న మీ అన్నయ్యకి న్యూజెర్సీ వాళ్లిచ్చే ఐడీ కార్డు ముందు కావాలి. ఇల్లినాయిస్‌లో ఎఫ్ఓఐడీ కార్డు. కాలిఫోర్నియాలో పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, ఆపైన 10 రోజులు ఆగాలి. అక్కడ లీవర్ గన్‌కి ఒక చిన్న సౌకర్యం ఉంది: పది తూటాల మ్యాగజైన్ పరిమితి లీవర్ రైఫిల్ గొట్టానికి వర్తించదు.

అపోహ: "చవకది నాసిరకం. కొంటే హెన్రీ, మార్లిన్ కొనాలి."

నేనైతే ఒప్పుకోను. ఈ తరహాలో అందరికంటే తక్కువ ధరకి దొరికే పేరున్న రైఫిల్ రోసీ ఆర్92. బ్రెజిల్‌లో తయారవుతుంది. జాన్ బ్రౌనింగ్ గీసిన 1892 వించెస్టర్ డిజైన్‌కి నకలు. వందేళ్లు దాటినా ఆ డిజైన్‌లో బలానికి లోటు లేదు, .44 మ్యాగ్నమ్‌ని హాయిగా తట్టుకుంటుంది. సుమారుగా రోసీ 700 నుంచి 850 డాలర్లు, హెన్రీ బిగ్ బాయ్ వెయ్యికి అటూ ఇటూ, 2020లో రూగర్ కంపెనీ చేతికి వచ్చిన మార్లిన్ వారి 1894 మోడల్ అంతకంటే పైన.

ధర తగ్గింది పనితనంలో కాదు, నునుపులో. కొత్త రోసీ లీవర్ కొంచెం గట్టిగా, గరగరగా ఉంటుంది. స్ప్రింగులు బిగువు. తూటాలు తోసే పక్క తలుపు అంచు బొటనవేలిని గీరుతుంది. కొన్ని వందల తూటాలు కాల్చాక చాలావరకు సర్దుకుంటుంది.

అందుకే బ్రాండు కంటే చేతిలో ఉన్న ఆ ఒక్క రైఫిల్‌నే చూడండి. గురి చూసే ముందు వెనక సైట్లు ఒకే గీతలో ఉన్నాయా, ముందుది పక్కకి ఒరిగిందా? చెక్క లోహాన్ని కలిసే చోట పగులుందా? అడిగి, షాపువాళ్లు సరేనంటే డమ్మీ తూటాలతో లీవర్ ఆడించి చూడండి. నెమ్మదిగా కాదు, రేంజ్‌లో ఎలా ఆడిస్తారో అలా. లీవర్‌ని సున్నితంగా సగం దాకా లాగడం వల్లే కొత్తవాళ్ల దగ్గర సగం తూటాలు ఇరుక్కుంటాయి, ఆ తర్వాత తప్పు రైఫిల్ మీదకి తోస్తారు.

స్కోప్ (గురి చూసే దుర్భిణి) పెట్టాలనే కోరిక ఉంటే మాత్రం హెన్రీ, మార్లిన్ వైపు చూడండి. వాటిలో ఖాళీ కేస్ పక్కనుంచి బయటపడుతుంది. రోసీలో పైనుంచి ఎగురుతుంది, స్కోప్ సరిగ్గా ఆ దారికే అడ్డం. కళ్లజోడు వాడే నలభై దాటినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

అసలు ఖర్చు రైఫిల్ది కాదు. .357 రైఫిల్‌లోనే కాల్చగలిగే పొట్టి తూటా .38 స్పెషల్ 50 తూటాల డబ్బా సుమారు 20 నుంచి 25 డాలర్లు, .357 ఇంకాస్త ఎక్కువ, .44 మ్యాగ్నమ్ 40 దాటుతుంది. ఒక్క మధ్యాహ్నంలో రెండు డబ్బాలు ఖాళీ చేయడం కష్టమేమీ కాదు.

అపోహ: ".45 కోల్టే అసలైన కౌబాయ్ తూటా, రివాల్వర్‌లోనూ రైఫిల్‌లోనూ అదే వాడేవారు."

సినిమా చరిత్ర. .45 కోల్ట్ 1873లో రివాల్వర్‌తో వచ్చింది. అదే ఏడు వచ్చిన వించెస్టర్ రైఫిల్‌కి వేరే తూటా, .44-40. అప్పటి .45 కోల్ట్ కేస్ అంచు చాలా సన్నం, లాగి బయటపడేసే కొక్కేనికి సరైన పట్టు దొరికేది కాదు. రెండింటికీ ఒకే తూటా కావాలన్న జనం కోసం కోల్ట్ కంపెనీయే తన రివాల్వర్‌ని .44-40లో చేసింది. .45 కోల్ట్ లీవర్ రైఫిళ్లు మామూలైపోయింది 20వ శతాబ్దం చివర్లో. పైగా 1870ల కథ అని చెప్పి హీరో చేతిలో 1892 మోడల్ పెట్టడం హాలీవుడ్‌కి అలవాటే.

.45 కోల్ట్ మంచి తూటా కాదని కాదు. చరిత్ర కోసమే ఎక్కువ డబ్బు పెడుతున్నారేమో చూసుకోండి. మొదటి లీవర్ గన్ అయితే నా ఓటు .357కే.

అపోహ: ".357, .38 ఒకటే, ఎటైనా మార్చి వాడుకోవచ్చు."

సగమే నిజం. .357 రైఫిల్‌లో .38 స్పెషల్ కాల్చవచ్చు. .38 తుపాకీలో .357 కాల్చకూడదు. 1935లో .357 తెచ్చినప్పుడు కేస్‌ని కావాలనే కొంచెం పొడుగు చేశారు, పాత .38 లో పట్టకుండా.

ఇంకో రెండు విషయాలు. .38 పొట్టిది కాబట్టి కొన్ని రైఫిళ్లలో తడబడుతూ ఎక్కుతుంది. ముక్కు పూర్తిగా చదునుగా కోసినట్టుండే టార్గెట్ తూటాలైతే చాలా రైఫిళ్లలో ఎక్కనే ఎక్కవు. రోజంతా .38 కాల్చితే చాంబర్‌లో, అంటే తూటా కూర్చుని పేలే చోట, ఒక మసి కట్టు పేరుకుంటుంది. దాన్ని తోమకుండా .357 తోస్తే ఇరుక్కుంటుంది. బ్రష్‌తో రెండు నిమిషాల పని.

అపోహ: "పిస్టల్ తూటానే కదా, అంత బలం ఉండదు."

158 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) .357 బుల్లెట్ నాలుగు అంగుళాల రివాల్వర్ నుంచి సెకనుకి సుమారు 1,200 అడుగుల వేగంతో వెళ్తుంది. అదే తూటా రైఫిల్ పొడుగు బ్యారెల్‌లో 1,700 నుంచి 1,800 దాకా అందుకుంటుంది. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపు. 100 గజాల లోపు అడవిపందికి, సరైన చోట తగిలితే జింకకీ చాలు. వేటకి సాఫ్ట్ పాయింట్ (మెత్తటి సీసం ముక్కు ఉన్నవి) తీసుకోండి. రివాల్వర్ వేగానికి తయారైన హాలో పాయింట్లు (ముక్కులో గుంట ఉన్నవి) ఈ వేగంలో లోపలికి దిగకముందే ముక్కలైపోవచ్చు. 150 గజాలు దాటాక బుల్లెట్ బాగా కిందికి దిగిపోతుంది, అక్కడ ఈ రైఫిల్‌తో ప్రయోగాలు వద్దు. అంత మాత్రాన అక్కడ ఆగిపోతుందనీ కాదు. గురి తప్పిన బుల్లెట్ మైలుకి పైగా వెళ్లగలదు.

ఇంటి రక్షణకని అడిగేవాళ్లకి నేను ముందు అడిగేది అపార్ట్‌మెంటా, సొంత ఇల్లా అని. ఇక్కడి గోడలు ఇటుకలు కాదు, జిప్సం రేకులు. .357 బుల్లెట్ ఒకటి కాదు, ఇలాంటి గోడలు చాలా దాటుతుంది. గోడ అవతల పడుకునేది పక్కింటి పిల్లలు.

అపోహ: "క్యాలిబర్ సరిపోతే ఏ బుల్లెట్ అయినా ఒకటే."

గొట్టంలో ఒక తూటా ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌కి, అంటే అడుగున నిప్పు పుట్టించే భాగానికి, ఆనుకుని ఉంటుంది. ముక్కు గట్టిగా, సూదిగా ఉంటే రైఫిల్ అదిరినప్పుడు ప్రైమర్ పేలే ప్రమాదం ఉంది. చదును ముక్కు వాడండి. మొనతేలినవి కావాలంటే లీవర్ గన్ల కోసమే మెత్తటి ప్లాస్టిక్ మొనతో చేసినవి దొరుకుతాయి.

అపోహ: "గొట్టం ఖాళీ చేయడానికి పెద్ద తెలివేం కావాలి?"

నాకు రేంజ్‌లో ఎక్కువ భయం వేసేది ఇక్కడే. హెన్రీలో గొట్టం లోపలి కడ్డీ లాగి తూటాలు ఒంపేయొచ్చు. రోసీ, మార్లిన్‌లలో ఒక్కో తూటానీ చాంబర్ దాకా ఎక్కించి బయటికి తీయాలి. అంటే గొట్టంలో ఎన్ని ఉంటే అన్నిసార్లు రైఫిల్ కాల్చడానికి సిద్ధమవుతుంది. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా, బ్యారెల్ మూతి టార్గెట్ వైపు. చివర్లో కళ్లతో చూడటమే కాదు, వేలు పెట్టి చాంబర్ ఖాళీ అని తడిమి చూడాలి. హ్యామర్‌ని (వెనక ఉండి తూటాని పేల్చే సుత్తిని) బొటనవేలితో మెల్లిగా దించడం డమ్మీ తూటాతో అలవాటయ్యేదాకా అసలు తూటాతో చేయొద్దు.

అపోహ: "పిల్లలకి లీవర్ లాగే బలం ఉండదు, అల్మారా పైన పెడితే చాలు."

ఉంటుంది. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా, నిర్లక్ష్యంగా నింపిన తుపాకీ వదిలేయడం నేరం. ఇంట్లో హెచ్1బి మీదున్న తమ్ముడో, ఎఫ్1 మరదలో ఉంటే తాళం ఇంకో కారణానికి కూడా కావాలి. సేఫ్ కోడ్ వాళ్లకి తెలిస్తే తుపాకీ వాళ్ల అధీనంలోనూ ఉందని వాదించే అవకాశం ఉంటుంది. కోడ్ మీ దగ్గరే ఉంచుకోండి.

అపోహ: "రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగే కదా, ఖాళీ చేసి ఇండియాకి తీసుకెళ్లొచ్చు."

వద్దు. జేబు కుట్లలో, అడుగు అట్ట కింద ఒక తూటా దాక్కోవడం చాలా మామూలు. అమెరికాలో విమానం ఎక్కేటప్పుడు ఎవరి కంటా పడని ఆ తూటా శంషాబాద్‌లోనో, గన్నవరంలోనో స్కానర్‌లో కనబడుతుంది. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా ఉన్నా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియకుండా ఉండిపోయిందని నిరూపించుకుని కేసు కొట్టేయించుకున్నవాళ్లు ఉన్నారు, కానీ అది హైకోర్టు దాకా వెళ్లి. పెళ్లికని వచ్చి, పోలీస్ స్టేషన్‌లో కూర్చుని, తిరుగు టికెట్ మార్చుకోవాల్సి వస్తుంది. రేంజ్‌కి ఒక బ్యాగు కేటాయించి, దాన్ని గరాజ్ దాటనివ్వకండి. మీ కారులో డ్యాష్‌బోర్డు అరలో, జాకెట్ జేబులో కూడా ఒకసారి చూసుకోండి. .38 తూటా లిప్‌స్టిక్ కంటే చిన్నది.